సముద్రం అడుగున ఉన్న లాగ్ ఫైల్: బురద చదివితే గోదావరి కథ బయటపడింది

క్లైమేట్ ఛేంజ్ మీద ఎవరు ఏ వీడియో చేసినా, కింద ఒక కామెంట్ మాత్రం గ్యారెంటీగా ఉంటుంది. "బ్రో, వాతావరణం ఎప్పుడూ మారేదే కదా. మంచుయుగాలు వచ్చాయి, పోయాయి. అప్పుడు కార్లున్నాయా, ఫ్యాక్టరీలున్నాయా?" అని.

ఈ కామెంట్‌ని చూసి నవ్వేసి స్క్రోల్ చేసేవాళ్లు చాలామంది. నాకైతే అది మంచి ప్రశ్నే అనిపిస్తుంది. అందులో సగం నిజం. వాతావరణం నిజంగానే మారుతూ వచ్చింది, మనిషి పుట్టకముందు కూడా. కానీ నాదొక ఎదురు ప్రశ్న. మంచుయుగాలు వచ్చాయని, పోయాయని, ఎన్నిసార్లు వచ్చాయో కూడా మనకి ఎవరు చెప్పారు? అప్పుడు థర్మామీటర్ లేదు, రాసుకునే మనిషి లేడు. మరి ఈ సమాచారం ఎక్కడిది?

చాలావరకు సముద్రం అడుగున ఉన్న బురదలోంచి వచ్చింది. ఈ రోజు ఎపిసోడ్ ఆ బురద గురించి, దాన్ని చదవడం నేర్చుకున్న మనుషుల గురించి. చివర్లో మన గోదావరి సముద్రంలో కలిసే చోటికి వస్తాం. అక్కడ తీసిన బురదలో మన చెరువుల కథ కూడా కొంత ఉంది.

లాగ్ ఫైల్ అంటే ఏంటంటే

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది తెలుసు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. సర్వర్‌లో ఏం జరిగినా ఒక ఫైల్‌లో లైన్ పడుతుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎప్పుడు ఎర్రర్ వచ్చింది, అన్నీ. దానికి రూల్ ఒక్కటే: కొత్త లైన్ పాత లైన్ కిందే చేరాలి. పాత లైన్ చెరపకూడదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, పొద్దున వచ్చి ఆ ఫైల్ తెరిచి వెనక్కి చదువుకుంటూ పోతాం.

సముద్రం అడుగు కూడా దాదాపు అలాగే పనిచేస్తుంది, కాకపోతే కొత్త లైన్ పైన పడుతుంది. సముద్రం పైభాగంలో బతికే కోటానుకోట్ల సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వాటి గుల్లలు మెల్లగా కిందికి దిగుతాయి. వాటితో పాటు గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము, నదులు మోసుకొచ్చిన ఒండ్రు, అగ్నిపర్వతాల బూడిద. ఇవన్నీ అడుగున పొర మీద పొరగా పేరుకుంటాయి. నడి సముద్రంలో అయితే వెయ్యేళ్లకి ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు. మన గోరు కొన్ని వారాల్లో పెరిగేంత మందం అక్కడ పేరుకోవడానికి శతాబ్దం పడుతుంది.

నేల మీద ఇలాంటి రికార్డు దొరకడం కష్టం. కొత్త మంచుయుగం వచ్చినప్పుడల్లా హిమానీనదాలు నేలని గీరుకుంటూ పోయి, అంతకుముందు మంచుయుగం గుర్తుల్ని తుడిచేస్తాయి. అందుకే 20వ శతాబ్దం మొదట్లో ఆల్ప్స్ పర్వతాల్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్తలు నాలుగు మంచుయుగాలు వచ్చాయని లెక్క తేల్చారు. దశాబ్దాల పాటు టెక్స్ట్‌బుక్కుల్లో ఆ నాలుగే ఉన్నాయి. తుడిచేసిన బోర్డు మీద మిగిలిన గీతల్ని చూసి, క్లాసులో ఎన్ని పాఠాలు జరిగాయో లెక్కపెట్టడం లాంటిదది. సముద్రం అడుగున మాత్రం ఆ బోర్డుని ఎవరూ తుడవలేదు.

మొదట చూసినవాళ్లు

1872 డిసెంబర్‌లో ఇంగ్లండ్ నుంచి చాలెంజర్ అనే ఓడ బయలుదేరింది. యుద్ధానికి కాదు, వ్యాపారానికి కాదు. సముద్రంలో ఏముందో చూడటానికి. 1876 మే దాకా ప్రపంచం చుట్టూ తిరిగింది. తాడు కట్టి బరువు దించడం, లోతు కొలవడం, అడుగు నుంచి ఇంత బురద పైకి తీయడం. ఇలా 360కి పైగా చోట్ల చేశారు.

ఆ బురదని భూతద్దం కింద పెడితే చాలాచోట్ల కనిపించింది మట్టి కాదు. బుల్లి బుల్లి సున్నపు గుల్లలు. మన పెద్దవాళ్లు గోడలకి వేసిన గుల్ల సున్నం గుర్తుందా? అదే పదార్థం, కాకపోతే ఒక్కో గుల్ల ఇసుక రేణువంత. ఈ జీవుల పేరు ఫోరామినిఫెరా. మనం ఫోరామ్ అని పిలుచుకుందాం. ఒకే ఒక్క కణం ఉన్న జీవి, తన చుట్టూ తానే గుల్ల కట్టుకుంటుంది.

ఇవి బతికేది ఎక్కడ, పైనా, అడుగునా? యాత్రకి నాయకుడైన వైవిల్ థామ్సన్ మొదట అడుగునే అనుకున్నాడు. అదే ఓడలో ఉన్న జాన్ ముర్రే సముద్రం పైభాగంలో సన్నటి వలలు వేసి లాగాడు. వలలో బతికున్న ఫోరామ్‌లు దొరికాయి. అడుగున ఉన్నది వాటి శ్మశానం, ఇల్లు కాదు. అడుగునే బతికే రకాలు కూడా ఉన్నాయి కానీ అవి వేరే జాతులు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి, కథలో తర్వాత పెద్ద ట్విస్ట్ దీనివల్లే వస్తుంది.

అయితే చాలెంజర్ వాళ్లు తీసింది పైపొర మాత్రమే. ఫైల్‌లో చివరి లైన్ చదివినట్టు. పాత లైన్లు కావాలంటే లోతుకి వెళ్లాలి. ఒట్టి గొట్టం దించితే ఒకటి రెండడుగుల తర్వాత బురద రాపిడికి ఇరుక్కుపోతుంది. ఈ చిక్కుముడిని 1940లలో స్వీడన్‌కి చెందిన బోర్యె కులెన్‌బెర్గ్ విప్పాడు. గొట్టం లోపల ఒక పిస్టన్ పెట్టాడు. సిరంజిలో మందు లాగుతాం కదా, అదే ఐడియా. గొట్టం దిగుతుంటే పిస్టన్ బురదని పైకి లాగి పట్టుకుంటుంది. దాంతో పది మీటర్లు దాటిన బురద కడ్డీలు పొర చెదరకుండా బయటికొచ్చాయి. వీటినే కోర్ అంటారు. మన ఊళ్లో బోరు వేసేటప్పుడు ఎన్ని అడుగుల్లో ఎలాంటి మట్టి తగిలిందో చూస్తారు కదా, ఇది దానికి శాస్త్రీయ రూపం అనుకోండి.

పది మీటర్ల కోర్ అంటే ఎంత కాలం? వెయ్యేళ్లకి రెండు సెంటీమీటర్ల లెక్కన ఐదు లక్షల ఏళ్లు. ఒక గొట్టంలో!

బరువు ఆక్సిజన్, తేలిక ఆక్సిజన్

సరే, బురద దొరికింది. అందులోంచి వాతావరణాన్ని ఎలా చదవాలి? ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ. భయపడకండి, ఎంసెట్ ర్యాంకు అడగను.

ఆక్సిజన్‌లో ముఖ్యంగా రెండు రకాలు. తేలికైనది ఆక్సిజన్-16, బరువైనది ఆక్సిజన్-18. సుమారు 500 అణువుల్లో ఒకటి బరువు రకం. ఫోరామ్ తన సున్నపు గుల్ల కట్టుకునేటప్పుడు చుట్టూ ఉన్న నీళ్ల నుంచి ఈ రెండు రకాల్నీ తీసుకుంటుంది. నీళ్లు చల్లగా ఉంటే గుల్లలోకి బరువు రకం కొంచెం ఎక్కువ చేరుతుంది. అంటే గుల్లలో ఈ రెండింటి నిష్పత్తి కొలిస్తే, ఆ జీవి బతికిన రోజుల్లో నీళ్లు ఎంత చల్లగా ఉండేవో చెప్పొచ్చు. ఈ ఆలోచన 1940ల చివర్లో నోబెల్ గ్రహీత హెరాల్డ్ యూరీ దగ్గర మొదలైంది.

యూరీ చికాగో ల్యాబ్‌లో ఇటలీ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు, చెసారె ఎమిలియాని. ఆయన కరీబియన్, అట్లాంటిక్ కోర్‌లు తీసుకుని, పొరపొరలో గుల్లలు ఏరి, నిష్పత్తులు కొలిచి 1955లో పేపర్ వేశాడు. గ్రాఫ్ గీస్తే అలలు అలలుగా వచ్చింది: చలి, వేడి, మళ్లీ చలి, మళ్లీ వేడి. టెక్స్ట్‌బుక్కులో ఉన్న నాలుగు మంచుయుగాలకి ఆ అలలు సరిపోలేదు, అంతకంటే ఎక్కువున్నాయి. మంచుయుగంలో ఉష్ణమండల సముద్రం ఇప్పటికంటే సుమారు 6 డిగ్రీలు చల్లగా ఉండేదని కూడా ఆయన అంచనా వేశాడు.

ఇక్కడే ట్విస్ట్. నీళ్లలో బరువు ఆక్సిజన్ పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. సముద్రం నుంచి నీళ్లు ఆవిరయ్యేటప్పుడు తేలిక రకం సులువుగా పైకి లేస్తుంది. మామూలు రోజుల్లో అది వానగా కురిసి, నదుల్లో పారి, తిరిగి సముద్రంలో కలిసిపోతుంది. లెక్క సరి. కానీ మంచుయుగంలో ఆ వాన మంచుగా కురిసి, కెనడా మీద, ఉత్తర యూరప్ మీద కిలోమీటర్ల మందాన పేరుకుపోయింది. తేలిక ఆక్సిజన్ అంతా నేల మీదే బందీ అయిపోయింది. సముద్రంలో మిగిలిన నీళ్లు సహజంగానే బరువెక్కాయి.

అంటే గుల్ల బరువుగా ఉందంటే రెండు అర్థాలు. నీళ్లు చల్లబడ్డాయా? లేక నేల మీద మంచు పెరిగిందా? ఒకే నంబర్‌లో రెండు సిగ్నళ్లు కలిసిపోయాయి. ఎమిలియాని మంచు వాటా కొంచెమే అని తీసేసి, మిగతాదంతా ఉష్ణోగ్రతే అన్నాడు.

కేంబ్రిడ్జ్‌లో నికొలస్ షాకిల్టన్ అనే యువ శాస్త్రవేత్త దీన్ని వేరేలా చూశాడు. అంటార్కిటికా యాత్రలు చేసిన షాకిల్టన్ కాదు, ఈయన వేరు. ఆయన లాజిక్ ఎంత సింపుల్‌గా ఉందో చూడండి. పైన బతికే ఫోరామ్‌లతో పాటు అడుగున బతికే ఫోరామ్‌లు కూడా ఉన్నాయి కదా? సముద్రం అడుగున నీళ్లు ఇప్పుడే గడ్డకట్టే స్థితికి దగ్గర్లో ఉన్నాయి. మంచుయుగంలో కూడా అవి ఇంకో 6 డిగ్రీలు చల్లబడటానికి చోటే లేదు. కాబట్టి సిగ్నల్ అంతా ఉష్ణోగ్రతదే అయితే అడుగు ఫోరామ్‌లలో మార్పు చాలా తక్కువ కనిపించాలి. కొలిచి చూస్తే దాదాపు పైన ఉన్నంత మార్పే ఉంది.

అంటే ఆ గ్రాఫ్ చూపిస్తున్నది ఎక్కువగా నేల మీద మంచు ఎంతుందో. 1967లో షాకిల్టన్ ఈ వాదన బయటపెట్టాడు. ఇప్పటి కొలతలు చెప్పేది, రెండూ కలిసే ఉన్నాయి కానీ మంచు వాటా ఎమిలియాని అనుకున్నదానికంటే చాలా ఎక్కువ అని.

నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం ఇదే. ఎమిలియాని కొలతలు అబద్ధం కాలేదు, ఆయన డేటా అలాగే నిలబడింది. మారింది దాని అర్థం. పైగా కొత్త అర్థం వల్ల ఆ డేటా విలువ పెరిగింది. ఒక చోట నీళ్ల ఉష్ణోగ్రత చెప్తే అది ఆ చోటి సంగతే. నేల మీద మంచు ఎంతుందో చెప్తే మాత్రం అది మొత్తం భూమి సంగతి. సముద్రాలన్నీ కలిసే ఉంటాయి కాబట్టి, ఏ మహాసముద్రంలో తీసిన కోర్ అయినా దాదాపు ఒకే గ్రాఫ్ చూపించాలి. అందుకే పసిఫిక్ కోర్‌ని అట్లాంటిక్ కోర్ పక్కన పెట్టి పోల్చగలుగుతున్నాం.

టైమ్‌స్టాంప్ ఎక్కడ?

లాగ్‌లో లైన్లున్నాయి, టైమ్ లేదు. ఏ పొర ఎన్నేళ్లనాటిది? సుమారు 40, 50 వేల ఏళ్ల దాకా రేడియోకార్బన్ పద్ధతి పనిచేస్తుంది. అంతకుముందు?

దీనికి భూమి అయస్కాంతం సాయం చేసింది. భూమి అయస్కాంత ధ్రువాలు ఒక్కోసారి తారుమారవుతాయి. చివరిసారి అలా జరిగింది సుమారు 7 లక్షల 75 వేల ఏళ్ల కిందట. బురదలోని సన్నటి అయస్కాంత రేణువులు, అవి పేరుకున్న రోజుల్లో ఉత్తరం ఎటుందో అటే తిరిగి స్థిరపడతాయి. 1973లో షాకిల్టన్, నీల్ ఒప్డైక్ కలిసి పశ్చిమ పసిఫిక్ నుంచి వచ్చిన ఒక కోర్‌లో 12 మీటర్ల లోతున ఆ తారుమారు గీతని పట్టుకున్నారు. దానికి పైన ఎన్ని చలి దశలు, ఎన్ని వేడి దశలు ఉన్నాయో లెక్కపెట్టేశారు. నాలుగు మంచుయుగాల కథ అక్కడితో ముగిసింది.

ఇక అసలు ప్రశ్న. ఎందుకు మారుతోంది?

దీనికి సమాధానం ఒకటి చాలా ఏళ్ల ముందే సిద్ధంగా ఉంది, సాక్ష్యమే లేదు. స్కాట్లండ్‌లో జేమ్స్ క్రోల్ అని ఒకాయన గ్లాస్గోలో ఒక విద్యాసంస్థలో కాపలా, ఊడ్చే పని చేస్తూ, అక్కడి లైబ్రరీలో సొంతంగా చదువుకుని, 1864లో ఒక పేపర్ రాశాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి ఆకారం మెల్లగా మారుతుంది, మంచుయుగాలకి దానితో సంబంధం ఉంది అని.

తర్వాత సెర్బియాకి చెందిన మిలుటిన్ మిలాంకోవిచ్ దాన్ని పూర్తి లెక్కలుగా మార్చాడు. ఈయన మొదట సివిల్ ఇంజినీర్, డాక్టరేట్ కూడా! మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రుదేశం చేతిలో పడి, బుడాపెస్ట్‌లో నిర్బంధంలో ఉంటూనే అక్కడి లైబ్రరీలో కూర్చుని లెక్కలు చేశాడు. సారాంశం ఇది. భూమి కక్ష్య ఒకసారి దాదాపు గుండ్రంగా, ఒకసారి కోలగా అవుతుంది, సుమారు లక్ష ఏళ్ల చక్రం. భూమి అక్షం వంపు 22 నుంచి 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది, 41 వేల ఏళ్ల చక్రం. ఇంకా తిరిగే బొంగరం తల ఊపినట్టు అక్షం తల ఊపుతుంది. దాని ప్రభావం 23 వేలు, 19 వేల ఏళ్ల చక్రాలుగా కనిపిస్తుంది. వీటివల్ల ఉత్తరాన వేసవి ఎండ తగ్గితే, చలికాలంలో పడ్డ మంచు వేసవిలో కరగదు. ఏటికేడు పేరుకుంటుంది. మంచుయుగం మొదలు.

చాలామంది నమ్మలేదు. 1958లో మిలాంకోవిచ్ చనిపోయేనాటికి ఆయన సిద్ధాంతం ఒక మూల పడి ఉంది.

1976 డిసెంబర్‌లో జేమ్స్ హేస్, జాన్ ఇంబ్రీ, షాకిల్టన్ కలిసి ఒక పేపర్ వేశారు. దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చిన రెండు కోర్‌లు తీసుకున్నారు. ఒకదానిలో పైభాగం లేదు, ఇంకొకటి అంత పాతకాలం దాకా వెళ్లదు. రెండూ అతికిస్తే నాలుగున్నర లక్షల ఏళ్ల రికార్డు వచ్చింది. ఆ గ్రాఫ్‌లో ఏయే చక్రాలు దాగున్నాయో చూడటానికి స్పెక్ట్రల్ అనాలిసిస్ చేశారు. ఈసీఈ, ఈఈఈ వాళ్లూ, "సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్" సబ్జెక్ట్ ఎందుకు రా బాబూ అనుకున్నారు కదా? ఇదిగో, ఇందుకు. పాట వినిపిస్తే అందులో ఏయే స్వరాలున్నాయో విడదీసినట్టు, బురద గ్రాఫ్‌ని విడదీశారు.

వచ్చిన స్వరాలు: సుమారు లక్ష ఏళ్లు, 42 వేల ఏళ్లు, 23 వేల ఏళ్లు, 19 వేల ఏళ్లు. మిలాంకోవిచ్ ఆకాశం చూసి వేసిన లెక్క, సముద్రం అడుగున బురదలో దొరికింది. ఆయన పోయిన 18 ఏళ్లకి!

లక్ష ఏళ్ల చక్రం బురదలో అంత బలంగా ఎందుకుందనే దానిమీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కక్ష్యలో మార్పు చిన్నది, మంచులో మార్పు పెద్దది. మధ్యలో ఏదో దాన్ని పెంచింది. మంచు పరుచుకుంటే ఎండని ఎక్కువ తిప్పికొడుతుంది. గాల్లో కార్బన్ డయాక్సైడ్ కూడా పెరుగుతూ తగ్గుతూ సాయం చేసింది. కక్ష్య స్విచ్ వేస్తే, ఇవి ఆంప్లిఫయర్ పని చేశాయి.

ఇప్పుడు ఆ కామెంట్‌కి సమాధానం

"వాతావరణం ఎప్పుడూ మారేదే కదా." అవును. ఎందుకు మారిందో కూడా అదే బురద చెప్పింది. ఆ కారణాన్ని ఇప్పటి పరిస్థితికి పెట్టి చూద్దాం.

1976 పేపర్‌లోనే ఒక మాట ఉంది. మనుషుల ప్రభావాన్ని పక్కన పెడితే, రాబోయే కొన్ని వేల ఏళ్లలో కక్ష్య లెక్క ప్రకారం భూమి మంచు పెరిగే వైపు వెళ్లాలి. తర్వాతి లెక్కలు ఆ మంచుయుగాన్ని ఇంకా చాలా దూరం జరిపాయి. ఏ లెక్క చూసినా, ఇప్పుడింత వేగంగా వేడెక్కడానికి కక్ష్యలో కారణం లేదు. మీ ఇంట్లో ఏసీ ఆన్‌లో ఉంది, గది మాత్రం వేడెక్కుతోంది అనుకోండి. "గది ఉష్ణోగ్రత ఎప్పుడూ మారేదే కదా" అని ఊరుకుంటామా? ఎక్కడో పొయ్యి వెలిగిందని వెతుకుతాం కదా.

రెండోది, వేగం. చివరి మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, అంటే సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. మన దేశం నుంచి శ్రీలంకకి నడిచి వెళ్లొచ్చు. అక్కడి నుంచి ఇప్పటి వాతావరణానికి రావడానికి భూమి సగటున 5, 6 డిగ్రీలు వేడెక్కింది. అందుకు 8 నుంచి 10 వేల ఏళ్లు పట్టింది. కొన్ని ప్రాంతాల్లో మధ్యమధ్యలో వేగంగా మారిన మాట నిజం, కానీ భూమి సగటు లెక్క ఇది. అంటే ఒక డిగ్రీకి సుమారు 1,500 ఏళ్లు. ఇప్పుడు ఒక డిగ్రీ దాటడానికి సుమారు 150 ఏళ్లు చాలాయి. గాల్లో కార్బన్ డయాక్సైడ్ పరిశ్రమలు రాకముందు 280 పీపీఎం, ఇప్పుడు 420 దాటింది.

కార్బన్ ఒక్కసారిగా పెరిగితే ఏమవుతుందో కూడా బురదలో ఒక పేజీ ఉంది. 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి 5 డిగ్రీలు, ఆ పైన వేడెక్కింది. దక్షిణ అట్లాంటిక్‌లో తీసిన కోర్‌లలో అది కంటికి కనిపిస్తుంది. తెల్లటి సున్నపు బురద ఉన్నట్టుండి ఎర్రమట్టిగా మారిపోతుంది. సముద్రం ఆమ్లంగా మారి అడుగున గుల్లలు కరిగిపోయాయి. మళ్లీ కుదురుకోవడానికి లక్ష ఏళ్లకి పైగా పట్టింది. అప్పుడు కార్బన్ విడుదల కావడానికి వేల ఏళ్లు పట్టిందని అంచనా. మనం అంతకంటే చాలా వేగంగా వదులుతున్నాం.

కాబట్టి ఆ కామెంట్ పెట్టిన తమ్ముడికి, చెల్లికి ఒకటే మాట. వాతావరణం గతంలో మారిందన్నది ధైర్యం చెప్పే విషయం కాదు. కొంచెం తోస్తే చాలు ఇది కదులుతుందనడానికి సాక్ష్యం.

గోదావరి ఏం రాసింది

ఇదంతా ఎక్కడో అట్లాంటిక్ సంగతి అనుకోకండి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ మన తీరానికి వచ్చింది. అప్పుడు వెతికింది వాతావరణం కోసం కాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున గడ్డకట్టి ఉన్న గ్యాస్ హైడ్రేట్ల కోసం. భారత ప్రభుత్వ కార్యక్రమం అది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, సుమారు 1,270 మీటర్ల లోతులో తీసిన ఒక కోర్ తర్వాత వాతావరణ శాస్త్రవేత్తల చేతికి వచ్చింది.

ఇక్కడ బురద నడి సముద్రంలోలా నత్తనడకన పేరుకోదు. నాసిక్ దగ్గర పుట్టి దక్కన్ అంతా తిరిగొచ్చే గోదావరి ఒండ్రు మొత్తం ఇక్కడికే. ఎనిమిదిన్నర మీటర్లలోనే దాదాపు 11 వేల ఏళ్ల చరిత్ర ఉంది.

అందులో ఫోరామ్‌లతో పాటు ఇంకో సాక్ష్యం ఉంది: ఆకుల మీద ఉండే మైనం. చెట్టు ఆకు మీద నీటిబొట్టు జారిపోతుంది చూడండి, ఆ సన్నటి మైనపు పూత వల్లే. ఆకు కుళ్లిపోయినా ఆ మైనం తొందరగా పోదు. నదిలో కొట్టుకొచ్చి సముద్రం అడుగు చేరి వేల ఏళ్లుంటుంది. దానిలోని కార్బన్ రకాల నిష్పత్తి చూస్తే ఏ తరహా మొక్కదో తెలుస్తుంది. చెట్లు, వరి ఒక తరహా. ఎండని, నీటి ఎద్దడిని బాగా తట్టుకునే గడ్డి, జొన్న, సజ్జ ఇంకో తరహా.

2012లో వచ్చిన పరిశోధన చెప్పింది ఇది. సుమారు 4 వేల ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా, గోదావరి పరివాహక ప్రాంతంలో కరువుని తట్టుకునే మొక్కలు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చాయి. వానలు తగ్గుతూ వచ్చాయి. ఆ తర్వాత కూడా అదే పరిస్థితి నిలబడిపోయింది. పైగా ఫోరామ్ గుల్లలు చూస్తే, గత 3 వేల ఏళ్లలో బంగాళాఖాతం నీళ్లు మాటిమాటికీ ఉప్పగా మారాయి. అంటే నది నుంచి మంచినీళ్లు తగ్గిన కాలాలు, వరసగా వచ్చిన ఎండు కాలాలు.

దీన్నిబట్టి ఇంకో సూచన చేయొచ్చు. నిర్ధారణ కాదు, సూచన మాత్రమే, గమనించండి. దక్షిణ భారతంలో నీళ్లు నిలవచేసే పద్ధతులు అంతగా విస్తరించడానికి, వానలు నమ్మలేని స్థితికి రావడం ఒక కారణం కావచ్చు అని. ఇది వినగానే నాకు గుర్తొచ్చినవి పాకాల, రామప్ప, లక్నవరం. కాకతీయులు 13వ శతాబ్దంలో కట్టించిన చెరువులు. ఒక్క రాజు గొప్పతనం అని చదువుకున్నాం. ఆ గొప్పతనం తగ్గదు. కానీ దాని వెనక, వాన ఎప్పుడొస్తుందో తెలియని నేల మీద బతకడం నేర్చుకున్న వందల తరాల జనం కూడా ఉండి ఉంటారు.

2017లో అదే కోర్ మీద ఇంకో పరిశోధన వచ్చింది. వానలు తగ్గాక పచ్చదనం పల్చబడి, నేల కోత పెరిగింది. తర్వాత దక్కన్ మీద వ్యవసాయం మొదలై, ఇనుప యుగంలో విస్తరించాక ఆ కోత ఇంకా పెరిగింది. మన నల్లరేగడి వేల ఏళ్లుగా కొట్టుకుపోతూ ఉంది, ఎంత పోయిందో సముద్రం పద్దు రాసుకుంది.

ఆలోచించండి. 2,300 ఏళ్ల పాటు మెల్లగా వచ్చిన ఎండుదనానికి మన పూర్వీకులు తరాల తరబడి అలవాటు పడ్డారు. జొన్నలు వేశారు, చెరువులు తవ్వారు, గొలుసుకట్టుగా ఒక చెరువు నిండితే ఇంకో చెరువులోకి నీళ్లు పోయేలా కట్టారు. మనకి అంత టైమ్ లేదు. మార్పు ఒక్క జీవితకాలంలో వస్తోంది. మనం మాత్రం ఆ చెరువుల్ని పూడ్చి ప్లాట్లు చేసుకుంటున్నాం.

చివరిగా ఒక్క విషయం. గోదావరి ముందు ఆ కోర్ తీసిన జాయిడెస్ రిజల్యూషన్ 1985 నుంచి ప్రపంచమంతా తిరిగి బురద తీసింది. అమెరికా నిధులు ఆపడంతో 2024లో దాని చివరి శాస్త్రయాత్ర ముగిసింది. జపాన్‌కి చికియు ఉంది, చైనా అదే ఏడాది మెంగ్ షియాంగ్ అనే కొత్త ఓడని దించింది. పాత కోర్‌లు చల్లటి గిడ్డంగుల్లో భద్రంగానే ఉన్నాయి. ఎమిలియాని డేటాకి షాకిల్టన్ కొత్త అర్థం చెప్పినట్టు, గ్యాస్ కోసం తీసిన గొట్టంలో ఎవరో వాన చరిత్ర చదివినట్టు, వాటిలో ఇంకా ఎవరూ అడగని ప్రశ్నలున్నాయి. ఇది చదువుతున్న మీలో జియాలజీనో, కెమిస్ట్రీనో, డేటా సైన్సో చేస్తున్నవాళ్లు ఉంటే, గోవాలో మన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఉంది, ఒకసారి దానివైపు చూడండి. లాగ్ ఫైల్ ఉంది. చదివేవాళ్లు కావాలి.

మీ ఊళ్లో పాత చెరువు ఏదైనా ఉంటే, అది ఇప్పుడు ఎలా ఉందో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై ఫ్రెండ్స్.